కంచంలో అన్నం గుట్ట

సూర్యాపేట దాటి కోదాడ వైపు వస్తుంటే దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టు కనిపిస్తుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో అక్కడ లింగమంతుల జాతర. మేడారం తర్వాత తెలంగాణలో అంత జనం కూడేది ఇక్కడే అంటారు. గజ్జెల లాగులు, భేరీల మోత, ‘ఓ లింగా ఓ లింగా’ అనే కేక. ఆ గట్టు మీద కొలువైన దేవుళ్ల తిండి దగ్గరే ఒక విచిత్రం ఉంది. లింగమంతుల స్వామి నీసు ముట్టడు. ఆయనకు బోనం, నైవేద్యం. చెల్లెలు చౌడమ్మకు మాత్రం యాటపోతు కావాల్సిందే. ఒకే ఇల్లాలు అన్నకు బోనం దించి, చెల్లెలికి యాటను మొక్కుతుంది. ఏ తిండి గొప్పదన్న తగాదా గట్టు మీద వినపడదు.

ఆ తగాదా గట్టు కింద, టీవీల్లో, ఫోన్లలో మాత్రం రోజూ నడుస్తోంది. మాంసం మానేస్తే గుండె బాగుంటుందని ఒకరు, మాంసం లేకపోతే బలమే లేదని ఇంకొకరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఊళ్లలో ఈ ప్రశ్నకు జవాబు వెతికితే, ముందు ప్రశ్నే కాస్త పక్కకు జరుగుతుంది.

2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఆ లెక్కలో దేశంలో ఇంతకు మించిన రాష్ట్రం లేదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలోనూ తెలంగాణదే మొదటి స్థానం, కోటీ 90 లక్షలకు పైమాటే. ఇంత చదివాక ఇక్కడ రక్తహీనత మచ్చుకు కూడా ఉండదనుకుంటాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత మరో సంగతి చెబుతోంది: రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. ఐదేళ్లలోపు పిల్లల్లో అయితే 70 శాతం.

ఈ రెండు లెక్కలూ ఒకే రాష్ట్రానివి. రెండూ నిజమే. సర్వేవాళ్లు ‘మీరు మాంసం తింటారా?’ అని అడుగుతారు; ‘నిన్న మీ కంచంలో ఎన్ని తునకలు పడ్డాయి?’ అని అడగరు. ఆదివారం నలుగురున్న ఇంట్లో అరకిలో చికెన్ వండితే, బొక్కలు పోగా మనిషికి వంద గ్రాములు కూడా రాదు. మంచి తునకలు మగవాళ్లకు, పిల్లలకు పోయి, చివర్న కూర్చున్న ఇల్లాలికి అడుగున పులుసు మిగిలే ఇళ్లు ఇంకా ఉన్నాయి. శనివారం ఒకరికి, సోమవారం ఒకరికి, గురువారం ఇంకొకరికి నియమం. శ్రావణం, కార్తీకం సరేసరి. పేరుకు మాంసాహారి, వారంలో ఆరు రోజులు శాకాహారి. అదీ పప్పు, ఆకుకూర నిండిన శాకాహారం కాదు. అన్నం, ఇంత పచ్చిపులుసు, ఓ ముద్ద తొక్కు.

ఈ అన్నం గుట్ట ఇక్కడికి వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. కోదాడ పక్కనున్న అనంతగిరి (వికారాబాద్ గుట్టలూ కాదు, అరకు దారిలోదీ కాదు, సూర్యాపేట జిల్లాలోని మండలం) వైపు ఇప్పుడు ఎటు చూసినా వరి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను మార్చింది నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేసిన ఆ ప్రాజెక్టు నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అంతకు ముందు చెరువు కింద నాలుగు మడులు తప్పిస్తే మెట్ట చేలే ఎక్కువ. జొన్న, సజ్జ, మధ్యలో కంది, పెసర, అనుములు, ఉలవలు. వరన్నం పండగ నాటి తిండి. రోజూ తినేది గటక, అంబలి, జొన్న రొట్టె.

ఇక్కడే చాలామంది ఆ పాత తిండిని తలుచుకుని నిట్టూరుస్తారు. కొంచెం ఆగాలి. జొన్న ఒక్కటే తిని బతికిన పేదలకు దక్కన్‌లో పెల్లాగ్రా వచ్చేది. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొరలు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి చలించేది. హైదరాబాద్‌లో ఈ రోగులను పరీక్షించిన డాక్టర్ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో దీని మీద రాశారు: జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం, ఒంట్లో నియాసిన్ అనే బి విటమిన్ తయారీకి అడ్డుపడుతోందేమోనని. జొన్న చెడ్డదని దీనర్థం కాదు. పక్కన పప్పు, పాలు, గుడ్డు ఉన్నవాళ్లను ఆ రోగం ముట్టలేదు. గింజ ఏదైనా ఒంటరిగా కడుపు నింపితేనే చిక్కు.

వరి కథా అంతే. ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మొదలైంది నీలగిరుల్లో. 1918లో కూనూరులో ఒకే ఒక గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ పెట్టిన చిన్న విభాగం అది. దాని పని ఒక్కటే, బెరిబెరి జబ్బు ఎందుకొస్తోందో చూడటం. మరపట్టిన తెల్ల బియ్యం తినే తెలుగు కోస్తా జిల్లాలు ఆ జబ్బుకు పేరుపడ్డవి. తవుడుతో పాటు థయమిన్ పోయేది; కాళ్లు తిమ్మిరెక్కి, వాపులొచ్చి, గుండె నీరసించేది. ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు మారింది.

మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఈ పాఠం తలకిందులుగా కనిపిస్తుంది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి మరాడిస్తే అది ఉప్పుడు బియ్యం. ఆవిరికి తవుడులోని థయమిన్ కొంత గింజలోకి దిగుతుంది. పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. తెలంగాణ మిల్లులు ఈ బియ్యాన్ని లక్షల టన్నుల్లో తయారుచేశాయి. తినేవాళ్లు మాత్రం కేరళ, తమిళనాడు వైపు. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్రం, కొనాల్సిందేనని రాష్ట్రం పట్టుబట్టినప్పుడు ఇక్కడివాళ్లెవరూ అది ముట్టరన్న సంగతి ఊరూరా చర్చకు వచ్చింది. మంచి బియ్యం పండించి, ఆవిరి పట్టి, వేరే రాష్ట్రాలకు పంపి, మనం మల్లెపువ్వు లాంటి సన్నబియ్యం వండుకుంటున్నాం.

ఇక అసలు తగాదాకు వద్దాం. మాంసం మానితే నిజంగా మేలా?

అయ్యప్ప మాల వేసుకున్నాయనను చూడండి. నలభై ఒక్క రోజులు దీక్ష. తీసే నాటికి పొట్ట తగ్గుతుంది, ముఖం తేటపడుతుంది. ‘చూశావా, నీసు మానితే ఎట్లుందో’ అంటారు. నిజమే. కానీ ఆ నలభై ఒక్క రోజులూ ఆయన మందు ముట్టలేదు, సిగరెట్ కాల్చలేదు, తెల్లవారకముందే లేచి చన్నీళ్లు పోసుకున్నాడు, చెప్పుల్లేకుండా నడిచాడు, రాత్రి ఇంత అల్పాహారంతో సరిపెట్టాడు. పొట్ట తగ్గిన ఘనత చికెన్ మానడానికే రాసిస్తే మిగతావాటికి అన్యాయం. శాకాహారం మీద పరిశోధన చేసేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే. శాకాహారులు సాధారణంగా తక్కువ తాగుతారు, తక్కువ కాలుస్తారు. ఆ తేడాలను లెక్కగట్టి తీసేస్తే గానీ తిండి సంగతి బయటపడదు.

అలా తీసేసి చూసిన లెక్కలూ ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో నగరాల్లోని ఫ్యాక్టరీ ఉద్యోగులు, పల్లెల్లోని వారి తోబుట్టువుల మీద జరిగిన ‘ఇండియన్ మైగ్రేషన్ స్టడీ’లో మూడోవంతు మంది శాకాహారులు. వారి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కొంచెం తక్కువున్నాయి. అయితే షుగర్, బీపీ కొలతల్లో మాంసాహారులతో తేడా చాలా స్వల్పం. బ్రిటన్‌లో 48 వేల మందిని పద్దెనిమిదేళ్లు గమనించిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2019లో వచ్చింది. అక్కడి శాకాహారుల్లో గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువ. పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువ. రెండు పక్షాలవాళ్లూ తమకు కావాల్సిన సగం పట్టుకుపోయారు.

మాంసం అంతా ఒకటే కాదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. మేక, గొర్రె, పశువుల మాంసాన్ని ‘బహుశా’ అన్న వరుసలో పెట్టింది. చేప, కోడి ఆ లెక్కలోకి రావు. ఇవన్నీ రోజూ తినేవాళ్ల లెక్కలు. దసరాకు, జాతరకు, ఆదివారానికి తినేవాళ్లు వీటిని చూసి హడలిపోనక్కర్లేదు. భయపడాల్సింది కూర మీద తేలే వేలెడు నూనెకు, హైవే హోటల్లో మాడిన ముక్కకు.

మరో వైపు, మాంసం, గుడ్డు, పాలు అన్నీ మానేసినవాళ్లకు బి12 విటమిన్ దొరికే దారి దాదాపు మూసుకుపోతుంది. అది మొక్కల్లో ఉండదు. తక్కువైతే అరికాళ్లు మండుతాయి, తిమ్మిర్లు, మతిమరుపు. పాలు, పెరుగు బాగా తినేవాళ్లు కొంత నెట్టుకొస్తారు. అవీ లేకపోతే మాత్ర వేసుకోవాల్సిందే. ఇనుము సంగతి కొంచెం వేరు. తోటకూరలో, పప్పుల్లో ఇనుము ఉంది, కానీ మాంసంలోని ఇనుము పట్టినంత సులువుగా ఒంటికి పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండితే ఎక్కువ పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే వచ్చిందీ పోతుంది. మన ఇళ్లలో నిమ్మకాయ అరుదు, చాయ్ తప్పదు.

తెలుగు నేల మీద ముగ్గురు తిండి మీద పెద్ద గాలి రేపారు. ఉప్పు, నూనె వద్దు, ఆకులు, కూరగాయలు, మొలకలు తినండి అన్న మంతెన సత్యనారాయణరాజు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె లాంటి కొవ్వు తాగండి, మాంసం తినండి, అన్నం మానండి అన్న వీరమాచనేని రామకృష్ణ. కొర్రలు, అండుకొర్రలు తినండి అన్న ఖాదర్ వలీ. ఒకరు చుక్క నూనె వద్దంటే ఇంకొకరు గిన్నెడు తాగమన్నారు. అయినా ముగ్గురి వెనకా బరువు తగ్గామన్న జనం కనిపించారు. అదెలా? ముగ్గురి దారిలోనూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లేచే ఆ తెల్లన్నం గుట్ట కరిగిపోయింది. ఎక్కువ గెలుపు దానిదే. అయితే ఈ గాలిలో ఒక ప్రమాదం లేకపోలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ఇలాంటివి మొదలుపెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

2025లో వెలువడ్డ ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం కూడా ఇటే వేలు చూపింది. భారతీయుల శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. బియ్యం మానేసి అంతే గోధుమలు, చిరుధాన్యాలు తింటే షుగర్ ముప్పు పెద్దగా తగ్గలేదు. పిండిలో కొంత తగ్గించి ఆ చోటును పప్పులు, పాల లాంటి మాంసకృత్తులతో నింపినప్పుడు తగ్గింది. లెక్క తేలికే. రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం తినే మనిషికి అన్నం ఒక్కదాని నుంచే దాదాపు 1,400 కేలరీలు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2,000 కేలరీల మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములే. పప్పులు మాత్రం 85 గ్రాములు. నలుగురికి వంద గ్రాముల కందిపప్పు వేసి పప్పుచారు కాచే ఇంట్లో మనిషికి వచ్చేది పాతిక గ్రాములు. అందులో మాంసకృత్తులు ఐదున్నర గ్రాములు. ఒక్క కోడిగుడ్డు ఇచ్చేంత కూడా కాదు.

అదనంగా మాంసం పెట్టకుండానే పిల్లలు ఇంకాస్త ఎదగగలరన్న దానికి హైదరాబాద్ దగ్గరి 29 పల్లెలే సాక్ష్యం. 1987 నుంచి 1990 దాకా వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక కొలిస్తే, ఉప్మా అందని ఊళ్ల పిల్లలకన్నా 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. వారి రక్తనాళాలు మెత్తగా, ఆరోగ్యంగా ఉన్నాయి. అన్నానికి తోడు ఇంకోటి అదనంగా దొరకడమే వాళ్లకు కలిసొచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి 1న మొదలుపెట్టిన ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీ టీచర్లు గర్భిణికి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే కూర్చోబెట్టి తినిపిస్తారు. ఇంటికి పంపితే ఆ గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు.

2025 మార్చి 30న, ఉగాది నాడు, రేషన్ షాపుల్లో సన్నబియ్యం పథకాన్ని ప్రభుత్వం మొదలుపెట్టింది కూడా ఈ గడ్డ మీదే, హుజూర్‌నగర్‌లో. మనిషికి నెలకు ఆరు కిలోలు. దొడ్డుబియ్యం అమ్ముకునే అవస్థ తప్పిందని జనం సంతోషించారు, తప్పేమీ లేదు. కానీ అదే రేషన్ షాపులో కందిపప్పు సంచి కోసం అడిగేవాళ్లు ఎందరు?

ఆదివారం పొద్దున్నే కోదాడలో చికెన్ షాపు ముందు జనం బారులు కడతారు. అరకిలో, ముప్పావు, కిలో. కత్తి మొద్దు మీద ఆగకుండా పడుతుంటుంది. సోమవారం పొద్దున అదే ఇంటి నుంచి అనంతగిరి వైపు పొలానికి పోయే టిఫిన్ గిన్నెలో మూత దాకా అన్నం, ఓ మూలకు తొక్కు, చిన్న డబ్బాలో పచ్చిపులుసు. దానిలో ఓ ఉడకబెట్టిన గుడ్డో, గుప్పెడు ఉడికించిన పెసలో పెట్టడానికి చోటుండాలంటే, ముందు నాలుగు ముద్దల అన్నం తీసి పక్కన పెట్టాలి.