బడి బట్టలు – సర్కారు సాయము – మన మగ్గము

బడులు తెరచు రోజులు దగ్గరపడగానే నేత యింట రెండు లెక్కలు మొదలగును. ఒకటి పుస్తకముల లెక్క, రెండవది బట్టల లెక్క. ఊరందరికి గుడ్డ నేసి యిచ్చువాని బిడ్డకు బడికి రెండు జతలు కుట్టించుట కష్టమగుట మనకు క్రొత్త సంగతి కాదు. ఈ ఖర్చులో ప్రభుత్వము భరించు భాగమెంత, అది ఎవరికి వచ్చును, రానిచో ఏమి చేయవలెను అను విషయములను సభ్యుల సౌకర్యార్థము వివరించుచున్నాము.

2009లో చేసిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 6 మొదలు 14 ఏండ్ల బిడ్డ చదువు ఏ ఖర్చు మూలముగను ఆగరాదని దాని సారము. ఆ చట్టము క్రింద కేంద్రము తయారుచేసిన మాదిరి నిబంధనలలో, సర్కారు బడి పిల్లలకు పుస్తకములతోపాటు యూనిఫారము కూడ ఉచితముగా పొందు హక్కు కలదని చెప్పబడినది. కనుక ఇది ఎవరో దయతలచి ఇచ్చు దానము కాదు. అడుగుటకు సిగ్గుపడవలసిన పనిలేదు.

ఇక డబ్బు సంగతి. 2018లో ఆరంభమైన సమగ్ర శిక్ష పథకము క్రింద 8వ తరగతి వరకు సర్కారు బడులలోని బాలికలందరికిని, షెడ్యూల్డు కులముల, తెగల బాలురకును, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబముల బాలురకును ఏడాదికి రెండు జతలు నిర్ణయించిరి. ఇందుకు బిడ్డకు సగటున 600 రూపాయలు. అంతకు పూర్వము 400 మాత్రమే ఉండెడిది. అనగా జతకు 300 రూపాయలు. గుడ్డ, గుండీలు, కుట్టుకూలి అన్నియు అందులోనే సరిపెట్టవలెను. బజారు ధరలు తెలిసిన మనకు ఇది ఎంత బిగువు లెక్కయో చెప్పనక్కరలేదు.

ఇచట మనవారు గమనింపవలసిన మెలిక ఒకటి కలదు. నేతపనివారిలో పెక్కుమంది వెనుకబడిన తరగతులవారు. కావున ఈ నిబంధన ప్రకారము మన ఆడపిల్లకు పేచీ లేదు గాని, మగపిల్లవానికి దారిద్ర్యరేఖ పత్రమే ఆధారము. కొన్ని రాష్ట్రములు సొంత ఖర్చుతో ఈ లోటు తీర్చినవి. మహారాష్ట్ర 2023లో మిగిలిన బాలురకు కూడ వర్తింపజేసినది. తమిళనాడు మధ్యాహ్న భోజన పథకములో నమోదైన 8వ తరగతి లోపు పిల్లలకు 2012–13 నుండి నాలుగేసి జతలు ఇచ్చుచు వచ్చినది. ప్రయివేటు బడికి పంపినవారికి మాత్రము ఈ సాయము అందదు.

ఈ గుడ్డ ఎవరు నేయుదురన్నది మనకు మరొక ముఖ్యాంశము. తమిళనాడులో నేత సహకార సంఘములకు ఈ పని వచ్చినది. తెలంగాణలో సిరిసిల్ల మరమగ్గములు దీనిపై ఆధారపడినవి. కేరళ మరింత ముందుకు పోయి, 2017–18 నుండి చేనేత గుడ్డతోనే యూనిఫారములు కుట్టించి, హాంటెక్సు, హాన్‌వీవు సంస్థల ద్వారా సంఘములకు పని కల్పించినది. అచటను కూలి బకాయిల బాధ లేకపోలేదు. అయినను పండుగ గిరాకీకై ఎదురుచూడక మగ్గము ఆడు మార్గమిది. ఒకే ఖర్చుతో బిడ్డకు బట్ట, తండ్రికి పని రెండును సమకూరును.

కాలయాపనయే అసలు చిక్కు. మహారాష్ట్రలో 2024–25న గుడ్డను ఒకచోట కొని, కత్తిరించి, స్వయంసహాయక సంఘములచే కుట్టింపబూనగా పెక్కు బడులకు జతలు ఆలస్యముగా చేరినవి. తుదకు ఆ బాధ్యత తిరిగి బడి నిర్వహణ సంఘములకే అప్పగింపబడినది. ఏడాది సగము గడచిన పిదప వచ్చిన చొక్కా, కొలత నాటిది, బిడ్డ నేటివాడు!

కావున సభ్యులు చేయవలసినవి మూడు. మొదటిది, దారిద్ర్యరేఖ పత్రము, బిడ్డ పేరు నమోదు బడి తెరచుటకు ముందే సరిచూచుకొనుట. రెండవది, కొలతలు ఇచ్చునాడు బిడ్డను తప్పక బడికి పంపుట. మూడవది అన్నిటికంటె ముఖ్యము. చట్టము ప్రకారము బడి నిర్వహణ సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెను. మొత్తము సభ్యులలో సగముమంది స్త్రీలు. ఆసు పోయు మన తల్లులు, అక్కచెల్లెండ్రు ఆ కుర్చీలలో కూర్చుండి, జతలు ఎప్పుడు వచ్చును, గుడ్డ ఎచట నేసినదని అడుగవలెను. అడిగిన చోటనే లెక్క తేలును.