అహంకారాన్ని జయించిన నాయకుడు

తనను తాను జయించినవాడే పదిమందిని నడిపింపగలడు. భద్రావతికి సమీపంలోని వరోరాలో న్యాయవాదిగా పనిచేసిన బాబా ఆమ్టే (1914–2008) జీవితమే ఇందుకు నిదర్శనం.

ఆయన ధైర్యాన్ని మెచ్చి గాంధీజీ 'అభయసాధకుడు' అని పేరు పెట్టారు. అంతటివారు ఒకనాడు దారిపక్కన పడి ఉన్న తుల్షీరామ్ అనే కుష్ఠువ్యాధిగ్రస్తుని చూసి, భయపడి పారిపోయారు. అయితే ఆ పిరికితనాన్ని దాచుకోలేదు. తిరిగివచ్చి, ఆ రోగికి స్వయంగా సేవ చేశారు. కలకత్తాలో ఆ వ్యాధి చికిత్స నేర్చుకొన్నారు. 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించారు. వరోరా వద్ద వెలసిన ఆనందవనంలో రోగులతో కలిసి బావి తవ్వారు. బీడును పొలంగా మార్చారు. ఆజ్ఞాపించి కాదు, ముందుగా తాను చేసి చూపి వారిని నడిపించారు.

అహంకారం లోపాన్ని దాచుకోమంటుంది. శీలం దానిని దిద్దుకోమంటుంది.