సంతానలేమిలో పురుషుని వంతు

1677వ సంవత్సరమున, హాలెండు దేశపు డెల్ఫ్టు పట్టణములో బట్టల వర్తకము చేసికొనుచు, తాను నూరిన కటకములతో నీటిబొట్లను పరికించుటయే వ్యసనముగా గల లీవెన్‌హుక్ కడకు, యోహాన్ హామ్ అను వైద్యవిద్యార్థి సెగరోగముతో బాధపడు నొకని వీర్యమును గొనివచ్చి, అందు తోకలుగల జీవులు చలించుచున్నవనియు, అవి రోగమువలని క్రుళ్ళునుండి పుట్టినవై యుండుననియు చెప్పెను. లీవెన్‌హుక్ ఆరోగ్యవంతుని వీర్యమునందును వానినే కాంచి, అవి రోగచిహ్నములు కావని గ్రహించెను. శుక్రకణములు మానవుని కంటబడుటకు సెగరోగమే నిమిత్తమైనది. ఆ రోగమే సంతతికి శత్రువని తెలియుటకు మరి రెండు శతాబ్దములు పట్టినది.

వృషణములయందు పుట్టిన శుక్రకణము పుట్టినంతనే పనికివచ్చునది కాదు. వృషణమును వెనుకవైపున నంటియున్న ఎపిడిడిమిస్ అను సన్నని గొట్టమున కొన్ని దినములు పయనించి, ఈదగల శక్తి నార్జించిన పిమ్మటనే అది శుక్రవాహికను చేరును. చుట్టలు చుట్టుకొని ఇంత చోటున ఇమిడియున్న ఆ గొట్టమును సాగదీసినచో ఇంచుమించు 20 అడుగులుండును. మూత్రమార్గమున ప్రవేశించిన సెగరోగక్రిమిగాని క్లమీడియా క్రిమిగాని పైకి ప్రాకి యిచ్చట చేరినచో వాపు పుట్టును. పోరాడవచ్చిన తెల్లకణములు వెలువరించు తీక్ష్ణపదార్థములు శుక్రకణముల పలుచని పొరను, లోని డి.ఎన్.ఎ.ను సయితము గాయపరచును. వాపు మానినను, మానినచోట మచ్చకట్టి గొట్టము మూసికొనిపోవచ్చును. రెండు వైపులను ఇట్లే జరిగిననాడు, పూడిపోయిన పిల్లకాలువవలె, ఎగువ నెంత సమృద్ధి యున్నను దిగువకు చేరునది శూన్యము.

విచిత్రమేమనగా, ఇదంతయు ఆ పురుషునకు తెలియనే తెలియదు. వీర్యములో అధికభాగము శుక్రకోశములనుండియు పౌరుషగ్రంథినుండియు వచ్చు ద్రవమే యగుటచే, శుక్రకణ మొక్కటియు లేకున్నను పరిమాణము తగ్గినట్లు తోచదు, దాంపత్యమునకు లోటుండదు, క్లమీడియా సోకిన మగవారిలో సుమారు సగముమందికి మంటగాని స్రావముగాని కనబడదు. మగతనమునకు కొరత లేనివానికి సంతానము కలుగకుండుట యెట్లని ఇంటిల్లిపాదియు కోడలివంక చూతురు. రావిచెట్టు ప్రదక్షిణములును నాగప్రతిష్ఠలును ఆమె పాలబడును. బిడ్డలు లేని దంపతులలో రమారమి సగముమంది విషయమున పురుషుని లోపమును కలసియుండునని వైద్యులు చెప్పుచున్నను, ఆసుపత్రి గడప తొలుత త్రొక్కునది ఆమెయే.

ఈ యన్యాయమును ఎత్తిచూపిన వైద్యుడు ఎమిల్ నోగ్గెరాత్. న్యూయార్కులో వైద్యము చేయుచుండిన ఈ జర్మను దేశీయుడు, పెండ్లికి పూర్వమెన్నడో మానినదని భర్త తలచిన సెగరోగము అతనియందే దాగియుండి, భార్యకు సోకి, ఆమెను గొడ్రాలిని చేయుచున్నదని 1872లో ప్రకటింపగా, తోడి వైద్యులు పెక్కురు నమ్మరైరి. ఏడేండ్ల పిమ్మట ఆల్బర్ట్ నైసర్ ఆ రోగక్రిమిని కనుగొనెను.

అన్ని దోషములను సుఖవ్యాధులపై మోపుటయు తగదు. మనదేశమున క్షయ శుక్రవాహికలను సయితము పాడుచేయగలదు. యౌవనము వచ్చినపిదప సోకిన గవదబిళ్ళలు కొందరికి వృషణములలోనికి దిగి, వానిని కుదించివేయును. వీర్యమున మిల్లీలీటరునకు 10 లక్షలకు మించి తెల్లకణములున్నంతమాత్రమున క్రిమి యున్నదనుటకు వీలులేదు. బస్టాండు గోడలపై ప్రకటనలంటించి లాడ్జి గదులలో వైద్యముచేయు మహానుభావులకు ఇట్టి సందేహములు కలుగవు. అందుచేతనే వారియొద్దకు పోరాదు.

క్లమీడియా వారము దినముల డాక్సీసైక్లిన్ మాత్రలకు సాధారణముగా లొంగును; అయితే భార్యాభర్తలిరువురును ఒకేమారు మందు పుచ్చుకొననిచో, ఒకరినుండి యొకరికి అది మరల చేరును. మచ్చకట్టి మూసికొనిన గొట్టమును ఏ మాత్రయు తెరువజాలదు. సూక్ష్మదర్శిని సహాయమున ఆ యడ్డంకిని దాటించి గొట్టములను కలిపి కుట్టుట యొక మార్గము. వృషణమునుండియే కణమును తీసి, 1992లో బ్రస్సెల్సు వైద్యులు ప్రకటించిన పద్ధతిని అండములోనికి సూదితో చొప్పించుట మరియొక మార్గము. వీర్యపరీక్షయో, సులభము, చౌక. రెండు మొదలు ఏడు దినముల నిగ్రహము పాటించి ఇచ్చిన నమూనాలో మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల కణములకు తక్కువ యున్నచో, మరల నొకమారు చేయించి చూతురు. మందు ముగిసిన మరునాడే పరీక్షకు పరుగిడి నిరాశ చెందుట మాత్రము వృథా. క్రొత్త శుక్రకణము తయారగుటకు రెండున్నర నెలలు పట్టును గనుక, మూడు నెలలు గడచినపిదప వచ్చు ఫలితమే లెక్కకు వచ్చును.