లైన్‌క్లియర్ ఇచ్చేదెవరు?

రాజధానిలో విలేఖరులకు కొన్ని మాటలు ఊతకర్రల వంటివి. కేంద్ర మంత్రివర్గం ఒక ప్రతిపాదనను ఆమోదిస్తే దానికి ‘లైన్‌క్లియర్’ వచ్చిందని వ్రాస్తాము. న్యాయస్థానం స్టే తొలగిస్తే లైన్‌క్లియర్. అధిష్ఠానవర్గం ఒక పేరుకు తల వూపితే ఆ నాయకునికి లైన్‌క్లియర్. శీర్షికలో ఇట్టే ఇమిడిపోవడం ఈ మాటకున్న గొప్ప సుగుణం. నేను ఎన్నిసార్లు వాడివుంటానో లెక్కలేదు. దాని అసలు అర్థం మాత్రం తార్‌బహార్‌కు వెళ్ళినప్పుడు గాని నాకు బోధపడలేదు.

తార్‌బహార్ బిలాస్‌పూర్‌లో రైలుపట్టాల పక్కన వున్న పేట. పేరును విడదీసి చదివితే ‘తీగకు వెలుపల’ అని అర్థం వస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కంపెనీ కిందనే ఇటు బిలాస్‌పూర్, అటు వాల్తేరు వుండేవి. అందువల్ల శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారు ఉద్యోగాల నిమిత్తం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. పట్టాల వెంబడే మన భాష కూడా వచ్చింది.

నాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన స్టేషన్‌మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నా వార్త ఒకటి చూపించి, “బాబూ, ఢిల్లీ లైన్‌క్లియర్ ఇచ్చిందని రాసినావు. బండిని పంపించేవోడు లైన్‌క్లియర్ ఎలాగిస్తాడు?” అన్నారు.

“మరి ఎవరిస్తారు మాస్టారూ?” అన్నాను.

“అందుకునేవోడు.”

ఆయన వివరించిన పద్ధతి ఇది. బండి ఒక స్టేషను నుంచి బయలుదేరాలంటే ముందుగా అవతలి స్టేషనును అడగాలి. తన వైపు దారి ఖాళీగా వున్నదని నిశ్చయించుకొని అనుమతి ఇవ్వవలసినది అవతలి మాస్టరు. ఇద్దరి మధ్య ఒక రహస్యసంఖ్య మారుతుంది, అది రిజిస్టరుకు ఎక్కుతుంది. ఆ అనుమతి ఒక్క బండికే చెల్లుతుంది. వచ్చిన బండి చివరి పెట్టె దాకా పూర్తిగా వచ్చిందని చూసుకున్న తరువాతనే మరో బండి మాట.

మనమో, ఒకే బండికి పదిసార్లు లైన్‌క్లియర్ ఇప్పిస్తాము. విశాఖ రైల్వే జోను సంగతే చూడండి. ఆరు నెలలలో పరిశీలించాలని 2014 నాటి విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో వున్నది. ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వెలువడింది. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. ఈ నిరీక్షణ బిలాస్‌పూర్‌కు కొత్త కాదు. 1998లో ప్రారంభోత్సవం జరిగిన ఇక్కడి జోను పని మొదలుపెట్టింది 2003 ఏప్రిల్ 1న.

జాప్యం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. ఎవరిని అడగాలో మరిపించడం ఈ మాట చేసే అసలు హాని. మన సరిహద్దులకు దాపునే వున్న నియమగిరిలో బాక్సైట్ తవ్వకానికై అటవీభూమి మళ్ళింపునకు 2008లో సుప్రీంకోర్టు సమ్మతించింది. ఢిల్లీ నుంచి చూసేవారికి దారి సుగమమైనట్టే. 2010లో పర్యావరణ మంత్రిత్వశాఖ అడ్డు చెప్పింది. చివరకు 2013లో అదే సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమన్నది. పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. అవతలి స్టేషను మాట్లాడడమంటే అదే. పంపేవారి ఉత్సాహాన్నే అనుమతిగా ముద్రించిన శీర్షికలో ఆ గ్రామాలకు చోటెక్కడ?

ఇది చాదస్తమని కొందరు మిత్రులు అనవచ్చును. తార్‌బహార్‌లో కూర్చున్నవారికి అలా అనిపించదు. 2011 అక్టోబరులో ఇక్కడి గేటు వద్ద పట్టాలు దాటుతున్నవారి మీదికి రైలు వచ్చి పదిమందికి పైగా మరణించారు. 2025 నవంబరు 4న బిలాస్‌పూర్ సమీపంలో మెమూ రైలు గూడ్సును వెనుకనుంచి ఢీకొన్నప్పుడూ పదిమందికి పైగానే పోయారు. అటువంటి దుర్ఘటన జరిగితే రైల్వే భద్రతా కమిషనర్ విచారణకు వస్తారు. ఎవరు ఏ సంకేతమిచ్చారు, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని అడుగుతారు. ఆ కమిషనర్లు రైల్వేశాఖకు కాక పౌర విమానయాన శాఖకు లోబడి వుండడం కూడా గమనించదగినది. మనం లైన్‌క్లియర్ ఇప్పించిన పథకాలు బోల్తాపడితే రిజిస్టరు తెరిచేవారెవరూ లేరు.

ఢిల్లీ చేరిన వారంలోనే ఒక ప్రాజెక్టుకు మంత్రివర్గం ఆమోదం లభించింది. ‘ఆమోదించింది’ అనే వ్రాశాను. స్థానికుల సమ్మతి ఇంకా తేలలేదని రెండవ పేరాలోనే చేర్చాను. మరునాడు పత్రిక తెరిచాను. రెండవ పేరా చివరకు పోయింది. శీర్షిక నాలుగు కాలాల వెడల్పున వున్నది: లైన్‌క్లియర్.

మాస్టారు ఇంకా ఫోను చేయలేదు.