డీజిల్ పన్ను కట్టేది బండి లేని కూలివాడే

"మనకు బండీ లేదు, ట్రాక్టరూ లేదు. పెట్రోలు పెరిగితే మనకేం, తగ్గితే మనకేం?" నెల్లూరు తీరంలో కూలి జనం నలుగురు కూడిన చోట ఈ మాట తరచు వినబడుతుంది. పైకి నిజమే అనిపిస్తుంది. కాని ఇంధనం మీద పన్ను వేసే పాలకులకు కావలసింది కూడా సరిగ్గా ఈ మాటే. ఎవరు కడుతున్నారో వాళ్లకే తెలియని పన్ను కంటే సుఖమైన పన్ను ప్రభుత్వానికి మరొకటి వుండదు.

తుమ్మలపెంట మొదలుకొని జువ్వలదిన్నె, ఇస్కపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు మీదుగా కృష్ణపట్నం దాకా ఒకసారి చూసి రండి. కయ్య దున్నేది ట్రాక్టరు. వరి కోసేది మిషను. ఉప్పు మళ్లకు నీళ్లు తోడేది ఇంజను. కరెంటు పోతే రొయ్యల గుంట దగ్గర తిరిగేది జనరేటరు. సముద్రం మీదికి పోయేది మోటారు బోటు. నాట్లకు ఆడకూలీలను పొరుగూరికి చేర్చేది ఆటో. ఒకప్పుడు బకింగ్‌హాం కాలవ మీద తెరచాప పడవలు ఈ తీరపు ఉప్పును, ధాన్యాన్ని, సర్వి కట్టెలను మద్రాసుకు మోసేవి. గాలే వాటికి ఇంధనం. గాలి లేనినాడు తాడు పట్టి లాగే మనిషే ఇంజను. కాలవ పూడింది, సరుకు లారీ ఎక్కింది. ఆనాటినుంచి ఈ తీరపు బతుకు డీజిల్ పీపాతో ముడిపడింది.

లీటరులో ఎవరి వాటా ఎంత?

2014 మే నెలలో లీటరు డీజిల్ మీద కేంద్ర ఎక్సైజు సుంకం 3 రూపాయల 56 పైసలు. పెట్రోలు మీద 9 రూపాయల 48 పైసలు. ఆ తర్వాత ప్రపంచ మార్కెట్టులో ముడిచమురు ధర కుప్పకూలింది. 2014 నవంబరు, 2016 జనవరి మధ్య కేంద్రం తొమ్మిదిసార్లు సుంకం పెంచింది. తగ్గిన ధర ప్రజలకు అందలేదు, ఖజానాకు పోయింది.

2020లో కరోనా కాలం గుర్తు చేసుకోండి. ఆ ఏప్రిల్‌లో మనదేశం కొనే ముడిచమురు పీపా 20 డాలర్లకు పడిపోయింది. కూలి జనం పనుల్లేక ఇళ్లలో కూచున్నారు, వలస కూలీలు రోడ్లమీద నడుస్తున్నారు. సరిగ్గా అప్పుడే మే నెలలో ఒక్కరాత్రిలో పెట్రోలు మీద 10 రూపాయలు, డీజిల్ మీద 13 రూపాయలు సుంకం పెంచారు. డీజిల్ మీద కేంద్ర సుంకం 31 రూపాయల 83 పైసలకు చేరింది. ఆరేళ్లలో దాదాపు తొమ్మిది రెట్లు! 2021 నవంబరులో, 2022 మేలో జనం గోల భరించలేక కొంత తగ్గించి 15 రూపాయల 80 పైసలకు తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 2 రూపాయలు వేసి 17 రూపాయల 80 పైసలు చేశారు.

ఇందులో ఇంకో కిటుకు వుంది. 2021 బడ్జెట్టు తర్వాత డీజిల్ సుంకంలో రాష్ట్రాలతో పంచుకునే మూల సుంకం లీటరుకు 1 రూపాయి 80 పైసలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాల పేర కేంద్రమే వుంచుకున్నది. రాష్ట్రం మాత్రం తక్కువ తిన్నదా? ఆంధ్రప్రదేశ్ డీజిల్ మీద నూటికి 22.25 చొప్పున వ్యాట్, దానిమీద లీటరుకు 4 రూపాయలు, 2020లో తెచ్చిన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి వసూలు చేస్తూ వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు. బంకు దగ్గర జనం కట్టే లెక్క మాత్రం మారలేదు. పైగా వ్యాట్‌ను కేంద్ర సుంకం కలిసిన ధరమీద లెక్కిస్తారు. అంటే పన్ను మీద పన్ను. 2025 రేట్ల ప్రకారం లీటరు డీజిల్‌లో రెండు ప్రభుత్వాల పన్నూ కలిసి 35 రూపాయలు దాటుతుంది.

"నష్టం" అన్న మాట వెనక

ఇంతకు ముందు చమురు ధర పెంచేటప్పుడు పాలకులు "సబ్సిడీ భారం" అని పాట పాడేవారు. 2012-13లో చమురు కంపెనీలకు 1 లక్షా 61 వేల కోట్ల "అండర్ రికవరీ" వచ్చిందన్నారు. ఈ మాటకు అర్థం తెలుసుకోవాలి. అది చేతినుంచి పోయిన డబ్బు కాదు. మనదేశంలోనే శుద్ధిచేసిన డీజిల్‌ను విదేశంనుంచి తెచ్చినట్టు ఊహించుకుని ఒక ధర కట్టి, దానికంటే తక్కువకు అమ్మాం కాబట్టి ఆ తేడాను నష్టమనే కాగితపు లెక్క. ప్రభుత్వ పరిహారం, ఓఎన్‌జీసీ ఇచ్చిన రాయితీ కలిశాక అదే ఏడాది ఇండియన్ ఆయిల్ కంపెనీ సుమారు 5,000 కోట్ల లాభం చూపింది.

ఆ కాగితపు నష్టం చూపించే 2010 జూన్‌లో పెట్రోలు ధరమీద, 2014 అక్టోబరులో డీజిల్ ధరమీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. "ఇకనుంచి మార్కెట్టు ధర, పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది" అన్నారు. పెరగడం చూశాం. తగ్గినప్పుడల్లా సుంకం అడ్డం వచ్చింది. 2023-24లో మూడు ప్రభుత్వరంగ చమురు కంపెనీల లాభం కలిపి 81 వేల కోట్ల దాకా పోయింది. ప్రభుత్వ కంపెనీలకు లాభం రావడం మనకు కిట్టని సంగతి కాదు. ఆ లాభం ఎవరి జేబులోంచి వచ్చిందన్నదే ప్రశ్న.

2021లో సుంకం ఎందుకు తగ్గించరని అడిగితే, గత ప్రభుత్వం ఇచ్చిన చమురు బాండ్ల అప్పు తీర్చాలని ఆర్థికమంత్రి చెప్పారు. ఆ బాండ్లమీద వడ్డీ ఏడాదికి సుమారు 10 వేల కోట్లు. 2020-21లో పెట్రోలియం మీద కేంద్రానికి వచ్చిన ఎక్సైజు రాబడి 3 లక్షల 70 వేల కోట్ల పైమాట. పదివేల కోట్లు చూపించి మూడు లక్షల డెబ్బైవేల కోట్లు లాగడం ఏ వడ్డీ వ్యాపారికీ చేతకాని విద్య!

పడవలో కలాసీ లెక్క

మన తీరంలో ఈ పన్ను ఎవరి నెత్తిన పడుతుందో చూడాలంటే బోటు దగ్గర జరిగే పంపకం చూడాలి. వేటనుంచి వచ్చాక చేపలు అమ్మిన డబ్బులోంచి ముందు డీజిల్, ఐసు, తిండి ఖర్చు తీసేస్తారు. మిగిలిన దాంట్లో బోటుకూ వలకూ వాటా పోను, మిగతాది కలాసీలు పంచుకుంటారు.

మాటవరసకు 12,000 రూపాయల చేప పడిందనుకుందాం. 40 లీటర్ల డీజిల్, లీటరు 97 రూపాయల లెక్కన 3,880. ఐసు, తిండి కలిపి 1,120. ఖర్చు 5,000 పోను మిగిలింది 7,000. అందులో సగం బోటుకు, వలకు. మిగిలిన 3,500 ఐదుగురు కలాసీలకు తలా 700. ఇప్పుడు ఆ 40 లీటర్లలో పన్ను ఎంత? 2025 రేట్ల లెక్కన లీటరుకు 35 వేసుకున్నా 1,400 రూపాయలు. ఆ పన్నే లేకపోతే ఒక్కో కలాసీకి ఇంకో 140 రూపాయలు వచ్చేది. బోటు కలాసీది కాదు, బంకు చీటీ మీద కలాసీ పేరుండదు. కాని పన్నులో సగం వాళ్ల పాలులోంచే పోయింది.

మరి సబ్సిడీ సంగతి? లీటరుకు 6 రూపాయల 3 పైసలుగా వున్న మత్స్యకారుల డీజిల్ సబ్సిడీని 2019 నవంబరులో 9 రూపాయలు చేశారు. మోటారు బోటుకు నెలకు 300 లీటర్లు, మరబోటుకు 3,000 లీటర్లు పరిమితి. 35 రూపాయలు తీసుకుని 9 రూపాయలు ఇవ్వడాన్ని సబ్సిడీ అనాలా, తీసుకున్న దాంట్లో చిల్లర వాపసు అనాలా? ఆ 9 రూపాయలైనా రిజిస్ట్రేషన్ వున్న బోటుకే, అంటే యజమాని పేరనే. ఖర్చు లెక్కలో బంకు ధర వేస్తున్నారా, సబ్సిడీ పోను ధర వేస్తున్నారా? ప్రతి కలాసీ పంపకం దగ్గర అడగవలసిన మొదటి ప్రశ్న ఇది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధానికి ఇచ్చే సాయాన్ని 2025లో 20,000 రూపాయలు చేశారు. మంచిదే. అయితే అది రెండు నెలలు సముద్రం మూసినందుకు ఇచ్చే పస్తు పరిహారం. మిగతా పదినెలల డీజిల్ పన్నుకు అది జవాబు కాదు.

కయ్యలోనూ అదే కథ

డీజిల్ పెరగ్గానే దుక్కి రేటు, కోత మిషను గంట రేటు పెరుగుతాయి. కౌలు రైతు ఆ రేటు తగ్గించలేడు. భూస్వామి కౌలు తగ్గించడు. పుట్టి ధాన్యానికి మిల్లరు చెప్పిన ధరే ధర. ఇక అతని చేతిలో తగ్గించడానికి మిగిలింది ఒక్కటే, కూలి. "పెట్టుబడి పెరిగిపోయింది, కూలి ఎక్కడ పెంచేది?" అంటాడు. ఎడగారు నాట్లప్పుడు కూలీకీ చిన్నరైతుకూ గట్టుమీద జరిగే తగాదాలో సగం ఈ డీజిల్ పన్ను పెట్టిన చిచ్చే. ఇద్దరినీ దోచేవాడు ఒకడే, కాని అతడు గట్టుమీద కనబడడు. ఆటో కిరాయి సరేసరి. అది కూలి డబ్బులోంచి నేరుగా పోతుంది.

గ్యాసు బండ

సర్వి కట్టెలు, కొబ్బరి మట్టలు, తాటాకు మీద వండుకున్న ఇళ్లకు గ్యాసు రావడం మంచి మార్పే. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు పొయ్యిని ఇంటికి చేర్చాయి. పొయ్యి చేర్చడం వేరు, బండ నింపడం వేరు. 2012 సెప్టెంబరులో సబ్సిడీ బండలు ఏడాదికి ఆరే అన్నారు. జనం తిరగబడితే తొమ్మిది, తర్వాత పన్నెండు చేశారు. పిమ్మట "సబ్సిడీ బ్యాంకులో వేస్తాం, ముందు పూర్తిధర కట్టండి" అన్నారు. 2020లో మామూలు ఇళ్లకు ఆ బ్యాంకు సబ్సిడీ కూడా చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. చమురు కంపెనీలకు మాత్రం గ్యాసు అమ్మకం నష్టం కింద 2022లో 22 వేల కోట్లు, 2025లో 30 వేల కోట్లు మంజూరు చేశారు. రాష్ట్రం 2024 నవంబరులో ఏడాదికి మూడు ఉచిత బండలు మొదలుపెట్టింది. ముందు చేతినుంచి కట్టాలి, తర్వాత ఖాతాలో పడాలి అనే పద్ధతితోనే అదీ మొదలైంది. రోజుకూలి మీద బతికే ఇంట్లో ఒక్కసారిగా బండ పూర్తిధర తీయడమే అసలు కష్టం. డబ్బు తర్వాత వస్తుందన్న మాట ఈ పూట పొయ్యి వెలిగించదు.

ఎదుటివారి వాదన

"పన్ను లేకపోతే రోడ్లెలా, పథకాలెలా? చవక డీజిల్ కార్లవాళ్లకూ పోతుంది కదా?" అంటారు. రెండోమాటలో నిజముంది. పెద్ద కారుకూ కలాసీ బోటుకూ ఒకే రేటు వుండాలని మనం అడగడం లేదు. అయితే లారీ మీద ఎక్కని సరుకు లేదు. కాబట్టి డీజిల్ పన్ను బియ్యంలో, పప్పులో, మందుబిళ్లలో కలిసి బండి లేనివాడికే ఎక్కువ తగులుతుంది. ఇక మొదటిమాట. 2019 సెప్టెంబరులో కంపెనీల ఆదాయం పన్నును 30 శాతంనుంచి 22కు తగ్గించినప్పుడు ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్లు పోతాయని ప్రభుత్వమే చెప్పింది. అప్పుడు రోడ్ల బెంగ ఎవరికీ రాలేదు!

తెల్లవాడి ఉప్పు పన్నూ ఇలాంటిదే. ధనికుడూ పేదవాడూ తినేది అదే ఉప్పు, కాని బరువు పేదవాడి మీద. ఉప్పు పండించే ఈ నెల్లూరు తీరానికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. 1930లో దేశం కదిలింది; 1947లో ఆ పన్ను రద్దయింది. కనబడని పన్నును కనబడేట్టు చేయడమే ఆ పోరాటం సాధించిన మొదటి విజయం.

అడగవలసినవి

కేంద్ర సుంకం, సెస్సులు 2014 నాటి స్థాయికి దించాలి. లోటును కంపెనీల పన్నుతో పూడ్చాలి. పక్కనున్న తమిళనాడులో మత్స్యకారులకు రాష్ట్ర అమ్మకం పన్ను లేని డీజిల్ కోటా వుంది. అదే ఇక్కడా ఇవ్వాలి. సబ్సిడీ పోను ధరనే పంపకం లెక్కలో వేయాలని ప్రతి రేవులో కలాసీలు పట్టుబట్టాలి. గ్యాసు బండ దగ్గర పేదలనుంచి సబ్సిడీ పోను ధరే తీసుకోవాలి. కౌలు రైతుకు దుక్కికీ కోతకూ డీజిల్ రాయితీ ఇవ్వాలి; కూలి రేటు తేల్చేటప్పుడు పెరిగిన ఆటో కిరాయి, సరుకుల ధరలు లెక్కలోకి తీసుకోవాలి.

వచ్చే కూలి రేట్ల సమావేశానికి ఒక బంకు చీటీ తీసుకుపోండి. లీటరులో పన్నెంతో లెక్కవేసి వినిపించండి. "మనకు బండి లేదు కదా" అనే మనిషికి తాను రోజూ ఎంత కడుతున్నాడో తెలిసిన నాడు, ఆ పన్నును మోయించడం ఇంత తేలిక కాదు.