ఆటో స్టార్టరు నుంచి మైక్రోగ్రిడ్ దాకా

వరంగల్ పల్లెల్లో వ్యవసాయానికి కరెంటు చేరే దారిలో చివరి మజిలీ చాలా చిన్నది: 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరిన ఫీడరు, దాని మీద పొలం గట్టున నిలిచిన ట్రాన్స్‌ఫార్మరు, దాని కింద కొన్ని బోరు మోటార్లు. హనుమకొండ కేంద్రంగా ఉత్తర తెలంగాణకు విద్యుత్తు పంచే సంస్థ ఈ మజిలీకి స్మార్టు పరికరాల గురించి ఆలోచించకముందే, రైతు తనంతట తాను ఒక స్వయంచాలక పరికరాన్ని తెచ్చి బిగించుకున్నాడు. కరెంటు రాగానే మనిషి ప్రమేయం లేకుండా మోటారును నడిపించే ఆటో స్టార్టరు అది.

సరఫరా విడతలవారీగా, తరచు రాత్రివేళ వచ్చిన కాలంలో చీకట్లో బావి దగ్గరికి వెళ్ళే ప్రమాదాన్ని తప్పించిన ఆ పెట్టెను తప్పుపట్టడం న్యాయం కాదు. అయినా 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైన వేళ, భూగర్భజలం అడుగంటుతుందన్న భయంతో, దాన్ని తొలగించమని ప్రభుత్వం రైతులను కోరవలసి వచ్చింది. ఇందులో విద్యుత్ సంబంధమైన చిక్కు కూడా ఉంది. 5 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు 5 కేవీఏ భారం వేస్తుంది. నేరుగా లైనుకు కలిపి నడిపిస్తే, కదిలే తొలి క్షణాల్లో అంతకు అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. పోయిన కరెంటు తిరిగి రాగానే అయిదు మోటార్లు ఒక్కసారిగా లేస్తే, 25 కేవీఏ మోయగల ట్రాన్స్‌ఫార్మరు మీద నూరు కేవీఏకు మించిన భారం పడి, వోల్టేజి కుంగి, ఫ్యూజు ఎగిరిపోవచ్చు. పక్క మోటారు ఏం చేస్తున్నదో ఏ స్టార్టరుకూ తెలియకపోవడమే అసలు లోపం.

చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం వంటివాటికి కలిసి ఉన్న పెద్ద గ్రిడ్‌లో ఈ కుదుపు లెక్కలోకి రాదు. అక్కడ తిరిగే బరువైన రోటార్లలోని శక్తి తొలి క్షణాల లోటును భరిస్తుంది. సౌర ఫలకాలు, బ్యాటరీలతో స్వతంత్రంగా నడిచే చిన్న గ్రిడ్‌కు, అంటే మైక్రోగ్రిడ్‌కు, ఆ జడత్వం ఉండదు. అందువల్ల ఏకముఖ విద్యుత్తును ప్రత్యావర్తి విద్యుత్తుగా మార్చే ఇన్వర్టరులోని ప్రాసెసరే సెకనుకు వేలసార్లు వోల్టేజిని కొలిచి దిద్దుతూ ఉండాలి.

ఈ రంగంలో అన్నిటికన్నా అందమైన ఊహ డ్రూప్ నియంత్రణ అనే చెప్పాలి. భారం పెరిగిన ఇన్వర్టరు తన పౌనఃపున్యాన్ని 50 హెర్ట్జ్ నుంచి కొద్దిగా దించుతుంది. అదే తీగ మీది తక్కిన ఇన్వర్టర్లు ఆ తగ్గుదలను పసిగట్టి, ఇంటర్నెట్టూ సెల్ సిగ్నలూ లేకుండానే, తమ వంతు పెంచుతాయి. తీగే వార్తాహరుడు. మైక్రోకంట్రోలరు ఉన్న స్టార్టరు కూడా ఈ వార్తను చదవగలదు: పౌనఃపున్యం గానీ వోల్టేజి గానీ తగ్గి ఉంటే ఆగుతుంది, కరెంటు తిరిగొచ్చాక ఒక్కో మోటారు ఒక్కో వ్యవధిని యాదృచ్ఛికంగా ఎంచుకొని లేస్తుంది. ఖరీదైన మొబైల్ యాప్‌లకన్నా ఈ కొద్దిపాటి ప్రోగ్రామే ట్రాన్స్‌ఫార్మరుకు ఎక్కువ మేలు చేస్తుంది.

2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం, సబ్‌స్టేషన్ల సమీపంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సౌర కేంద్రాలకు వీలు కల్పించింది. పగటి ఎండా, పగటి సాగునీటి అవసరమూ చక్కగా కలిసివస్తాయి. అయితే ఫలకాలు పెట్టినంత మాత్రాన ఫీడరు మైక్రోగ్రిడ్ అయిపోదు. లైనులో సరఫరా ఆపే అనుమతి (ఎల్‌సీ) తీసుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం, ప్రధాన లైను ఆగగానే మామూలు సౌర ఇన్వర్టర్లు కూడా ఆగిపోయేలా తయారవుతాయి. ఫీడరు విడిగా నడవాలంటే బ్యాటరీ, తనంతట తానే 50 హెర్ట్జ్‌ను నిలబెట్టగల ఇన్వర్టరు, ప్రధాన లైను నుంచి కచ్చితంగా విడదీసే స్విచ్చు, ఆ స్విచ్చు తెరిచి ఉందో మూసి ఉందో సబ్‌స్టేషన్‌కు తెలిపే సంకేతం కావాలి. వీటన్నిటికన్నా ముందు ఏ మోటారు ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉందో రికార్డు సరిగా ఉండాలి. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినప్పుడు పక్కదానికి తీగ మార్చుకోవడం పల్లెల్లో మామూలే కనుక, ఆ రికార్డును ఎప్పటికప్పుడు దిద్దవలసింది పొలాల వెంట తిరిగే లైన్‌మనే.