యంత్రస్మృతిలో పుటలు: గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు పాటించవలసిన కొలతలు

కంప్యూటరు తెరమీద ఒక చిత్రము కనిపించవలెనన్న రెండు యంత్రాంగములు కలిసి పనిచేయవలెను. మొదటిది కేంద్ర ప్రాసెసర్. ప్రోగ్రాములోని ఆజ్ఞలను వరుసగా నడిపించునది అదియే. రెండవది గ్రాఫిక్స్ కార్డు. తెరమీది లక్షలాది చుక్కలకు ఒక్కసారిగా రంగులు నిర్ణయించుట దాని పని. ఈ రెండింటికి నడుమ దుబాసివలె నిలిచి, ఒకదాని మాట మరొకదానికి చేరవేయు ప్రోగ్రామును డ్రైవరు అందురు. దుబాసి మాట తప్పు చెప్పిన ఇరుపక్షములకును నష్టమే గదా! డ్రైవరు కొలతలలో పొరబడినచో చిత్రము చెదరవచ్చును, యంత్రము నిలిచిపోవచ్చును, ఒక ప్రోగ్రాము చూడరాని వస్తువు దాని కంట పడవచ్చును. ఆ కొలతలు ఎట్టివో, వాటికి ఇంతటి కఠిన నియమములు ఎందుకో తెలిసికొనుట సాంకేతిక విద్యార్థులకు అవసరము.

పుట అనగానేమి?

కంప్యూటరు స్మృతి, అనగా మెమరీ, కోట్లకొలది బైట్ల వరుస. ప్రతి బైటుకును ఒక సంఖ్య చిరునామాగా ఉండును. ఏ బైటు ఏ ప్రోగ్రామునకు చెందినదో ఒక్కొక్కటిగా వ్రాసి ఉంచినచో ఆ పట్టికయే స్మృతికంటె పెద్దదగును. కావున స్మృతిని సమాన ఖండములుగా విభజించి, ఖండమునకు ఒక పద్దు చొప్పున వ్రాయుదురు. ఈ ఖండమే పుట, అనగా పేజీ. టామ్ కిల్‌బర్న్ నాయకత్వమున మాంచెస్టర్ విశ్వవిద్యాలయములో రూపొంది, 1962లో ప్రారంభమైన అట్లాస్ యంత్రము ఈ పద్ధతికి నాంది పలికినది. అందులో పుటకు 512 పదములు. 1985లో వెలువడిన ఇంటెల్ 80386 ప్రాసెసర్ 4,096 బైట్ల పుటను స్వీకరించినది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు గల కంప్యూటర్లలో నేటికిని సాధారణ పుట అదియే.

ఒక లెక్క చూతము. ఒక ప్రోగ్రాము 10,000 అను చిరునామాను అడిగినదనుకొనుడు. దానిని 4,096 చేత భాగించిన భాగఫలము 2, శేషము 1,808. అనగా సున్న నుండి లెక్కించిన 2వ పుటలో 1,808వ స్థానము. ఆ పుట అసలు స్మృతిలో 7వ గడిలో ఉన్నదని పట్టిక చెప్పినచో, నిజమైన చిరునామా 7 × 4,096 + 1,808 = 30,480. యంత్రమునకు ఈ భాగహారము చేయవలసిన శ్రమ లేదు. 4,096 అనునది 2 యొక్క 12వ ఘాతము. అందుచేత ద్విసంఖ్యామానములో చిరునామా చివరి 12 అంకెలే శేషము, మిగిలినవి పుట సంఖ్య.

సరిహద్దు నియమము

పుట ఎక్కడబడితే అక్కడ మొదలు కారాదు. దాని ఆరంభము పుట పరిమాణపు గుణిజముననే ఉండవలెను. దీనినే అమరిక, అనగా అలైన్‌మెంట్, అందురు. ఇది కేవలము చక్కదనము కొరకు పెట్టిన నియమము కాదు. సరిహద్దున మొదలగు చిరునామాలో చివరి 12 అంకెలు ఎల్లప్పుడు సున్నలే. కావున పట్టికలో వాటిని వ్రాయనక్కరలేదు. ఆ ఖాళీ చోటును చదువవచ్చునా, వ్రాయవచ్చునా అను అనుమతుల గుర్తులకు వాడుకొందురు. సరిహద్దు తప్పిన చిరునామాను డ్రైవరు అట్లే పట్టికలో వ్రాసినచో, దాని చివరి అంకెలను యంత్రము అనుమతులుగా అర్థము చేసికొనును. చిరునామా మారును, అనుమతియు మారును.

పుట ఎంత పెద్దది ఉండవలెను?

ఒక గిగాబైటు స్మృతిని 4 కిలోబైట్ల పుటలుగా విభజించిన 2,62,144 పద్దులు కావలెను. 64 కిలోబైట్లయిన 16,384, 2 మెగాబైట్లయిన 512 చాలును. పద్దులు తగ్గినకొలది వెదకుట త్వరగా ముగియును. పెద్ద పెద్ద చిత్రములను నిరంతరము చదువు గ్రాఫిక్స్ కార్డుకు ఇది ఎంతో మేలు. కాని దీనికి మూల్యమును కలదు. 10,000 బైట్లు మాత్రమే కావలసినవాడు 4 కిలోబైట్ల పుటలయిన మూడు పుటలు, అనగా 12,288 బైట్లు తీసికొనును. 2,288 బైట్లు వృథా. 16 కిలోబైట్ల పుటలో 6,384, 64 కిలోబైట్ల పుటలో 55,536 బైట్లు వృథా అగును. వేగమును పొదుపును ఒకే తక్కెడలో తూచవలసిన చిక్కు ఇది.

ఇద్దరికి రెండు కొలతలు

కేంద్ర ప్రాసెసర్ పుటయు గ్రాఫిక్స్ కార్డు పుటయు ఒకటే కానక్కరలేదు. అసలు కష్టము ఇచ్చటనే మొదలగును. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ల నిర్మాణము 4, 16, 64 కిలోబైట్ల పుటలకు అవకాశమిచ్చును. ఆపిల్ సంస్థ 2020లో తెచ్చిన ఎం1 ప్రాసెసర్ గల కంప్యూటర్లలో పుట 16 కిలోబైట్లు. ఐబీఎం పవర్ యంత్రములమీద నడుచు లినక్స్‌లో 64 కిలోబైట్ల పుటలను వాడుట కలదు. లినక్స్‌లోని ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవరు మాత్రము కార్డు పుటను 4 కిలోబైట్లుగనే లెక్కించును. అట్టి పవర్ యంత్రములో కేంద్ర ప్రాసెసర్ పుట ఒకటి కార్డు పుటలు 16తో సమానము. డ్రైవరు ఒక పుటకు ఒక పద్దు మాత్రమే వ్రాసి ఊరకున్నచో తక్కిన 15 భాగములు కార్డుకు కనిపించవు. గజములతో కొలిచిన బట్టను మీటర్లుగా పద్దు వ్రాసినట్లగును.

దీనికి విపర్యయముగా కార్డు పుటయే పెద్దది కావచ్చును. 2022లో విడుదలైన ఇంటెల్ ఆర్క్ కార్డులలో, కార్డుమీది సొంత స్మృతికి 64 కిలోబైట్లకు తగ్గని పుటలే చెల్లును. 4 కిలోబైట్లు అడిగినను డ్రైవరు 64 కిలోబైట్లకు పెంచి ఇచ్చును. ఆ ఖండము ఎడములేక వరుసగా ఉండుటయే గాక, 64 కిలోబైట్ల సరిహద్దుననే మొదలు కావలెను.

ఈ తేడా భద్రతను సైతము తాకగలదని 2024లో ఒక ఉదాహరణ కనబడినది. గ్రాఫిక్స్ కార్డును నియంత్రించు రిజిస్టర్లు కూడ చిరునామాలుగనే కనిపించును. కొన్ని ఏఎండీ కార్డులలో అట్టి రిజిస్టర్ల ప్రదేశమున 4 కిలోబైట్ల ఖాళీ చోటు కలదు. సాధారణ ప్రోగ్రాములు ముట్టదగిన ఒకటి రెండు రిజిస్టర్లను మాత్రము అచ్చట చూపి, ఆ చిన్న కిటికీని లినక్స్ డ్రైవరు ప్రోగ్రాములకు తెరచెడిది. 4 కిలోబైట్ల యంత్రములో ఇది క్షేమమే. కాని కేంద్ర ప్రాసెసర్ పుటలో సగమునో పాతికనో ఇచ్చుట సాధ్యము కాదు, ఇచ్చిన పుట మొత్తము ఇయ్యవలెను. కావున పెద్ద పుటలు గల యంత్రములలో కిటికీకి బదులు తలుపే తెరచుకొని, ఇరుగుపొరుగు రిజిస్టర్లును ప్రోగ్రామునకు చిక్కెడివి. పుట 4 కిలోబైట్లకు మించినచోట ఆ కిటికీని తెరువరాదని డ్రైవరును సవరించినారు. పుట పరిమాణమును ముందుగా విచారించు ఒక చిన్న షరతుతో ఆ ద్వారము మూతపడినది.

పుట లోపలి అమరిక

పుటల సరిహద్దులు చాలవన్నట్లు పుట లోపలను నియమములున్నవి. 2015లో వచ్చిన మైక్రోసాఫ్ట్ డైరెక్ట్ త్రీడీ 12 పద్ధతిలో, ప్రోగ్రామునకు స్థిరాంకములనిచ్చు బఫరు 256 బైట్ల గుణిజమున మొదలు కావలెను. బఫరునుండి చిత్రమును నకలు చేయునపుడు ఒక వరుసకును మరియొక వరుసకును గల దూరము 256 గుణిజమై ఉండవలెను. 1,366 చుక్కల వెడల్పుగల చిత్రమును తీసికొందము. చుక్కకు 4 బైట్ల చొప్పున వరుసకు 5,464 బైట్లు. 256 గుణిజములలో తరువాతిది 5,632. కావున ప్రతి వరుస చివర 168 బైట్లు, అనగా 42 చుక్కల చోటు, ఖాళీగా విడువవలెను. వ్రాసినవాడు ఈ ఖాళీని విడిచి, చదువువాడు దానిని మరచినచో, వరుసవరుసకు చిత్రము 42 చుక్కలు పక్కకు జరిగి ఏటవాలుగా చీలిపోవును. తెరమీద వాలిన చిత్రము కనబడినపుడు అనుభవజ్ఞులు మొదట అనుమానించునది ఈ దూరమునే.

2016లో వెలువడిన వల్కన్ పద్ధతి ఇందుకొక మర్యాదను నేర్పినది. అందులో ప్రోగ్రాము ఏ కొలతను ఊహించుకొనదు. ఈ వస్తువునకు ఎంత చోటు కావలెను, ఏ గుణిజమున మొదలు కావలెను, ఏ రకపు స్మృతి తగును అను మూడు ప్రశ్నలను డ్రైవరును అడిగి, వచ్చిన జవాబును బట్టి నడచుకొనును.

ఇందలి నీతి గ్రాఫిక్స్ కార్డులకే పరిమితము కాదు. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 పద్ధతి 16 కిలోబైట్ల పుటలకు చోటిచ్చుటతో, పుట ఎన్నటికిని 4,096 బైట్లే అని నమ్మి వ్రాసిన ఫోను ప్రోగ్రాములను సరిచేయవలసి వచ్చినది. విద్యార్థులు లినక్స్ గల ఏ యంత్రముననైనను గెట్‌కాన్ఫ్ పేజ్‌సైజ్ అను ఆజ్ఞనిచ్చి దాని పుట పరిమాణమును క్షణములో తెలిసికొనవచ్చును. ఆ సంఖ్యను ప్రోగ్రాములో శిలాశాసనమువలె చెక్కక, నడుచునపుడు యంత్రమునే అడుగుట అలవరచుకొనవలెను. అడిగి తెలిసికొనుటకు పట్టునది ఒక్క వాక్యము. అడుగక ఊహించినదానిని సరిదిద్దుటకు ఎన్ని దినములు పట్టునో లెక్కింపలేము.